దర్జీగారి పద్నాలుగు అడుగులు

ఫిజియోథెరపీ చివరి ఏడాది చదివే ఆ అమ్మాయికి నోటికన్నా చేతులే ముందుండేవి. ఎవరి భుజం పట్టేసినా మారుమాట లేకుండా వెళ్లి సర్దేది. అలాంటిదాన్ని ఆస్పత్రికి కాక, ఫోన్ తెర మీద రోగులకు కసరత్తులు నేర్పే శిక్షణకు వేశారు. చేతులు కట్టేసి నీళ్లలోకి దించినట్టయింది ఆమెకు.

మొదటి రోగి మోకాలి ఆపరేషన్ అయిన ఓ దర్జీ. ఫోన్ పట్టుకునేది ఆయన భార్య. తొలిరోజు పావుగంటసేపు వాళ్ల ఇంటికప్పే కనిపించింది.

"పిన్నిగారూ, ఫోన్ కొంచెం కిందికి."

"దించానమ్మా. కనిపిస్తున్నాడా మా మహారాజు?"

కిటికీ పక్క కుర్చీలో, తేనెరంగు ఎండలో, కలలో మనిషిలా కూర్చుని ఉన్నాడాయన. లేవమంటే నవ్వేవాడు, లేచేవాడు కాదు. వారమంతా అదే తంతు.

తన మైకు ఆపేసి అదే కాల్‌లో అన్నీ గమనిస్తున్న శిక్షణ మేడం వారం చివర ఓ సాయంత్రం అంది: "నువ్వు పాఠం అప్పజెబుతున్నావు. ముందు ఆయన్ని మాట్లాడనివ్వు."

మర్నాడు అమ్మాయి కసరత్తు ఊసే ఎత్తలేదు. "ఏమిటి బాబాయిగారూ మీ భయం?" అని అడిగింది.

ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. "చొక్కా కుట్టు ఊడితే నేను వేస్తాను. ఇది ఊడితే ఎవరు వేస్తారమ్మా?"

"మీరు వేసిన కుట్టు ఎప్పుడైనా ఊడిందా?"

"గుడ్డ చిరగాలి గానీ నా కుట్టు ఊడదు."

"మీ డాక్టరుగారూ అలాంటి పనివాడే. గాయం గట్టిగా మానిందని నిన్ననే రాశారు. ఊపిరి బిగబట్టకండి. పిన్నిగారి భుజం పట్టుకుని మెల్లగా లేవండి."

లేచాడు. భార్య ఫోన్‌ను అల్మరాలో నిలబెట్టి ఆయన పక్కకు చేరింది. ఇద్దరూ మెల్లగా తెర దాటిపోయారు. ఖాళీ కుర్చీ, దాని మీద ఎండ మిగిలాయి. చెప్పుల చప్పుడు దూరమై ఆగిపోయింది. అమ్మాయి తెర మీదికి వంగింది.

"పిన్నిగారూ?"

ఎండలో దుమ్ము రేణువులు తీరిగ్గా తేలుతున్నాయి. కాలం కూడా వాటితో తేలుతున్నట్టుంది.

"పద్నాలుగు అడుగులు తల్లీ," పక్క గదిలోంచి ఆయన గొంతు. "నా మిషను మీద రెండు వేళ్ల మందం దుమ్ము. ఈ ఇంట్లో పట్టించుకునే వాళ్లే లేరు."

"ఆపరేషన్ ఈయనకైతే తిట్లు నాకు," అంది భార్య.

తెర ఇవతల ఈ పిల్ల కళ్లు తుడుచుకుంది.

రెండు నెలలకు ఆయన మళ్లీ మిషను తొక్కాడు. ఆమెకు పట్టా వచ్చింది, అదే పనిలో చేరింది. ఇప్పుడు రోజుకు ఆరేడు ఇళ్లలోకి వెళ్తుంది, ఒక్క గడపా తొక్కకుండానే. ఏ గదిలో చాప జారుతుందో, ఏ మంచం ఎత్తు తక్కువో ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కోసారి మధ్యాహ్నం కునుకులో ఆ గదులన్నీ ఒకదాని పక్కన ఒకటి తెరుచుకుంటాయి. ఆమె వాటిలోంచి నడిచి వెళ్తుంటే, ప్రతి గదిలోనూ ఎవరో ఒకరు కుర్చీలోంచి మెల్లగా లేస్తుంటారు.