గేటు దాటించిన నల్లబట్టలు

మా బావకి దేవుడి మీద భక్తి పుట్టింది మా స్కూలు గేటు బయట, ఒక సోమవారం ఉదయం. పక్కనే ఉన్నాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను. అంతకు ముందు వాడికి దేవుడితో పెద్ద పరిచయం లేదు. ప్రసాదం పెట్టేటప్పుడు కలిసేవారు, అంతే.

బావ అంటే మా మేనత్త కొడుకు. కళింగపట్నం పక్కన ఇద్దరిదీ ఒకటే వీధి. ఇద్దరమూ పదో తరగతి, ఒకే ఆటోలో ఒకే ప్రైవేటు స్కూలుకి వెళ్లేవాళ్లం. తేడా ఏమిటంటే తొమ్మిదో తరగతి సెలవుల్లో వాడు పెరిగాడు, నేను పెరగలేదు. జూన్‌లో స్కూలు తెరిచేసరికి వాడి యూనిఫాం ప్యాంటు మోకాలికీ మడమకీ మధ్య ఎక్కడో ఆగిపోయింది. చొక్కాకి బొత్తాలు పెడితే ఊపిరి ఆడదు, ఊపిరి పీలిస్తే బొత్తాలు ఉండవు. నావి ఇద్దామంటే నా ప్యాంటు వాడికి నిక్కరు.

కొత్తది కుట్టించుకోవచ్చు కదా అంటారు. మా స్కూలు గళ్ల గుడ్డ బజార్లో దొరకదు. జేబు మీద గుర్తుతో సహా స్కూలు ఆఫీసు గదిలోనే అమ్ముతారు, అక్కడ అరువు లేదు. బావ వాళ్ల నాన్న, అంటే మా మావయ్య, మా ఊరి చాలామంది మగాళ్లలాగే గుజరాత్ బోట్ల మీద ఉన్నాడు. వేట ఆపేసిన వేసవిలో ఇంటికొస్తేనే నాలుగు డబ్బులు కనిపిస్తాయి. అంటే పదో తరగతి పరీక్షలు అయిపోయాక. మా అత్త ఎండుచేపలు అమ్మి ఇల్లు నడుపుతోంది. ఆ ఇంట్లో తిండికీ ఫీజుకీ తర్వాత వచ్చే వరసలో యూనిఫాం ఎక్కడో చివర నిలబడి ఉంది.

దసరా వరకు ఎవరూ పట్టించుకోలేదు. ఆ సెలవుల్లో మా కరస్పాండెంటు గారు ఏదో పెద్ద ఊళ్లో పెద్ద స్కూలు చూసొచ్చారు. రాగానే గేటు మీద కెమెరా పెట్టించారు, ప్రార్థనలో ఉపన్యాసం ఇచ్చారు. యూనిఫాం వేసుకుంటే ధనిక పేద తేడా ఉండదట, అందరూ ఒక తల్లి బిడ్డల్లా కనిపిస్తారట. నేను ఆ మాటకి ఇప్పటికీ ఎదురు చెప్పను. నా ఇంటి బట్టలు చూసినవాళ్లకి తెలుసు, యూనిఫాం నా పరువు ఎంత కాపాడిందో. ఆయన చెప్పిన తేడా కూడా నిజంగానే పోయింది. తేడా ఉన్నవాణ్ణి గేటు దగ్గరే ఆపేశాక లోపల మిగిలినవాళ్లంతా సమానమే కదా.

ఆ సోమవారం గేటు దగ్గర ఆగింది మా బావే. పీఈటీ సార్ వాడి ప్యాంటుని చాలాసేపు చూసి, "ఇదేటి, వరదల్లో నడిసొచ్చినావేటి? ఇంటికెల్లి సరైంది ఏసుకునిరా," అన్నారు. సరైంది ఇంట్లో ఉంటే ఇది ఎందుకు వేసుకొస్తాడో ఆయనా అడగలేదు, వాడూ చెప్పలేదు. అప్పుడే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు వచ్చాడు. అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్ల చొక్కా, నల్ల లుంగీ, కాళ్లకి చెప్పుల్లేవు, టై లేదు, బెల్టు లేదు. పీఈటీ సార్ చేతులు జోడించి, "స్వామి శరణం," అని పక్కకి తప్పుకున్నారు. కెమెరా కూడా ఏమీ అనలేదు.

బావ ఆ కుర్రాడి వీపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఒరే, ఆడికి బూట్లు కూడా నేవు," అన్నాడు నాతో, మెల్లగా.

ఆ వారమే మాల వేసుకున్నాడు.

మా ఊళ్లో గురుస్వామి ఒక బోటు యజమాని. దీక్ష ఎందుకని అడిగితే బావ, "సదువు కోసం సామీ," అన్నాడు. అబద్ధమేమీ కాదు. గురుస్వామి మురిసిపోయాడు. నల్లబట్టలు దాతలెవరో ఇచ్చినవి ఉంటే రెండు జతలు తీసి ఇచ్చాడు. ఇల్లంతా ఎండుచేపలు కాబట్టి దీక్షలో ఉన్నవాడు అక్కడ ఉండకూడదు. అందుకని రామమందిరంలో మిగతా స్వాములతో పాటే పడక, వాళ్లతో పాటే భోజనం. రోజూ రెండు కూరలు, పప్పు. వాడి బుగ్గలు మొదటిసారి కనిపించాయి.

మాల వేస్తూ గురుస్వామి నియమాలన్నీ చెప్పి, చివర్లో ఒకటి ఆపి ఆపి చెప్పాడు. "మీ ఇంటిపేరోలు ఎవలు పోయినా మైల. మాల తీసీయాల. తెలుసు కదా?"

తెలుసు. మా ఊళ్లో సగం మందిది వాళ్ల ఇంటిపేరే. ఆ సగంలో అందరికన్నా ముందు వెళ్లేలా ఉన్నవాడు వీధి చివరి పాకలో మంచం మీద ఉన్నాడు. బావకి వరసకి చిన్నతాత. వయసులో ఉన్నప్పుడు తెరచాపతో ఎక్కడెక్కడికో వెళ్లొచ్చాడంటారు. ఇప్పుడు మంచం నుంచి గుమ్మం దాకా వెళ్లడమే ప్రయాణం. ఆ దగ్గు మందిరం దాకా వినిపించేది. స్వాములందరూ శరణుఘోష చెబుతుంటే బావ మధ్యమధ్యలో ఆగి ఆ దగ్గు కోసం చెవి ఒగ్గేవాడు. వినిపిస్తే మళ్లీ మొదలుపెట్టేవాడు.

స్కూల్లో మాత్రం అంతా వైభోగమే. నిన్నటిదాకా ఎండుచేప వాసనంటూ ముక్కు మూసుకున్న పిల్లలు ఇప్పుడు వాడి కాళ్లకి దండం పెట్టారు. వాడి దగ్గర విభూతి, చందనం వాసన. లెక్కల సార్ కొట్టడం మానేశారు. "స్వామీ, ఈ లెక్క తప్పు స్వామీ," అని బతిమాలినట్టు చెప్పేవారు. కొట్టకపోతే లెక్కలు వస్తాయని మా క్లాసులో అప్పుడే తెలిసింది. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, పూజ, తర్వాత మందిరం లైటు కింద పుస్తకం. అర్ధసంవత్సరం పరీక్షల్లో నన్ను దాటేశాడు. ఎందుకు వేసుకున్నాడో మర్చిపోయి నిజంగానే దండం పెట్టుకోవడం కూడా నేను చూశాను. కళ్లు మూసుకుంటే మళ్లీ తెరిచేదాకా నేను అక్కడున్నట్టే తెలిసేది కాదు. నవ్వుదామనుకుని ఊరుకున్నాను.

మకరజ్యోతి దాకా అయ్యప్ప. ఆ తర్వాత శివ మాల వేసుకుంటే శివరాత్రి దాకా శివుడు. ఆపైన చదువుకోడానికి సెలవులు, పరీక్షలు. ఈ పథకం నేనే వేసిచ్చాను. దేవుళ్లు వంతులేసుకుని వాణ్ణి గేటు దాటిస్తారు. చిన్నతాత ఒక్కడు ఊపిరి పీల్చుకుంటూ ఉంటే చాలు.

అందుకే రోజూ సాయంత్రం పాకకి వెళ్లేవాళ్లం. మందులు తేవడం, వేణ్ణీళ్లు కాచడం, కాళ్లు పిసకడం అన్నీ బావే. మాల వేశాక కుర్రాడికి ఎంత దయ వచ్చిందో చూడండి అని వీధంతా చెప్పుకుంది. తాతకి మాత్రం ఆ భ్రమ లేదు.

"ఏటి సామీ, ఇయాల కూడా సూడ్డానికొచ్చినావా? ఉన్నాన్లే. ఎల్లి సదువుకో."

"దగ్గు తగ్గిందేటి తాతా?"

"నువ్వు నా కోసం రాలేదురా. నా ఊపిరి కోసం వచ్చినావు. గురుసామి సెప్పినాడు నాకు." నవ్వబోయి దగ్గాడు. దగ్గు అయ్యాక దిండు కింద నుంచి బీడీ కట్ట తీసి బావ చేతిలో పెట్టాడు. "నువ్వు సేప మానీసినావు. నాను ఇది మానీసినాను. మీ సామికి సెప్పు."

"మరి సెవి ఎనకాల అదేటి తాతా?" అన్నాను నేను.

"అది అలంకారం రా."

బావ నవ్వలేదు. చెయ్యి చాపి ఆ అలంకారం కూడా తీసేసుకున్నాడు.

"పరీచ్చలు ఎప్పుడు?" అన్నాడు తాత.

"మార్చిలో."

తాత పైకప్పు తాటాకులకేసి చూశాడు. "పండగ దాకా అయితే సూస్తాను. మార్చి నా సేతిలో నేదు."

పండగ కూడా ఆయన చేతిలో లేదు. డిసెంబరులో ఒకరోజు మధ్యాహ్నం ఇంగ్లీషు పీరియడులో మా ఆటో అన్న క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. అతని మొహం చూడగానే బావ పుస్తకం మూసేశాడు. ఇంగ్లీషు టీచర్, "వెళ్లండి స్వామీ," అన్నారు. వాణ్ణి ఆ స్కూల్లో స్వామీ అని పిలవడం అదే ఆఖరు.

గురుస్వామి మందిరం దగ్గర ఎదురుచూస్తున్నాడు. బావ ఆయన ముందు నిలబడి, "ఈ ఒక్కపాలికి తెల్నట్టు ఊరుకుంటే అవదా సామీ?" అన్నాడు.

"నాకు తెల్నట్టు ఉండొచ్చురా. ఆయనకి తెలస్తాది కదా," అన్నాడు గురుస్వామి. కోపంగా అనలేదు. బావ మెడలోంచి మాల తీశాడు.

"మైల తీరినాక మల్లీ మాల ఏస్తారా సామీ?"

"ఈ ఏడుకి వద్దు నాయనా. పైయేడు మండలమంతా సేద్దువు."

పైయేడు. బావ నల్ల చొక్కా విప్పి మడతపెట్టి ఆయన చేతికిచ్చాడు. తువ్వాలుతో, ఒంటి మీద చొక్కా లేకుండా వీధిలోంచి తాత పాకకి నడిచాడు. అక్కడ అందరికన్నా ఎక్కువ వాడే ఏడ్చాడు. సొంత మనవలు కూడా అంత ఏడవలేదని ఆడవాళ్లు మెచ్చుకున్నారు. నేను వాడి పక్కనే కూర్చున్నాను. ఆ ఏడుపులో తాత వాటా ఎంతో, మార్చి వాటా ఎంతో నాకు తెలియలేదు. వాడికీ తెలిసి ఉండదు.

మైల తీరాక పాత యూనిఫాంలోనే గేటు దగ్గరికి వచ్చాడు. పీఈటీ సార్ అలవాటుగా, "స్వామి..." అని మొదలుపెట్టి, గళ్ల చొక్కా చూసి ఆగిపోయారు.

"మాల తీసీసినావేటి?"

"మా తాత పోయారు సార్."

"అయ్యయ్యో," అన్నారు, నిజంగానే బాధపడి. తర్వాత ఆయన చూపు కిందికి, ప్యాంటు మీదికి వెళ్లింది. అక్కణ్ణుంచి పైకి, కెమెరా మీదికి. "నానేటి సెయ్యను బాబూ. ఆయన అందులోంచి సూస్తన్నారు."

మా నాన్న వెళ్లి కరస్పాండెంటు గారితో మాట్లాడాడు. ఆయన మర్యాదగా కుర్చీ వేయించి, టీ ఇప్పించి, ఒకరికి వదిలితే అందరికీ వదలాల్సి వస్తుందని చెప్పారు. ఆ అందరూ ఎవరో మా నాన్నకి అర్థం కాలేదు. ఆ స్కూల్లో పొట్టి ప్యాంటు ఒక్కటే. నాన్న ఆఫీసు గది అద్దాల బీరువాలో వేలాడుతున్న కొత్త యూనిఫాంలు చూసి, అరువు అడగబోయి, టీ తాగేసి వచ్చేశాడు.

తర్వాతి వారం మా మావయ్య ఫోన్ చేశాడు. వాళ్ల బోటు మీద వంట చేసే మనిషి ఊరెళ్లిపోయాడట. "ఆడు ఇంటికాడ ఖాళీగా ఉన్నాడు కదా, పంపీ," అన్నాడు. ఖాళీ. అత్త వాడి బట్టలు సంచిలో సర్దింది. నేను ఆమదాలవలస స్టేషను దాకా వెళ్లాను. బోట్లకి వెళ్లే మగాళ్ల గుంపులో వాడే అందరికన్నా పొడుగు, అందరికన్నా చిన్న. రైలు కదిలేటప్పుడు ఏదో ఒకటి అని నవ్విద్దామనుకున్నాను. "గుజరాత్‌లో గేటు ఉండదులే," అన్నాను. వాడు నవ్వాడు. నాకే బాగోలేదు.

వాడి గళ్ల చొక్కాని అత్త ఎండుచేపల గంప మీద కప్పింది. బజార్లో ఆ గంప కనిపిస్తే మా స్కూలు గుర్తు పైకే ఉండేది.

మార్చిలో హాల్ టిక్కెట్లు ఇచ్చిన రోజు హెడ్మాస్టర్ గారు కళ్లజోడు సర్దుకుని నియమాలు చదివారు. పెన్ను తెచ్చుకోవాలి. అట్ట తెచ్చుకోవాలి. ఫోన్ తేకూడదు. "అన్నిటికన్నా ముఖ్యం. పరీక్షకి ఎవరూ స్కూల్ యూనిఫాంలో రాకూడదు. మీరు ఏ స్కూలో సెంటర్లో తెలియకూడదు. మామూలు డ్రెస్సులోనే రావాలి. యూనిఫాంలో వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు."

క్లాసంతా సంతోషంతో గోల చేసింది.

"ఏ డ్రెస్సైనా పర్లేదా సార్?" అన్నాను నేను.

"ఏదైనా పర్లేదు."

"ప్యాంటు పొట్టిదైనా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, "లుంగీ కట్టుకొచ్చినా రాయనిస్తారు," అన్నారు. అందరికీ ఇచ్చేశాక బల్ల మీద ఒక హాల్ టిక్కెట్ మిగిలింది. దాని మీద ఫొటోలో వాడు నల్ల చొక్కాలో, నుదుట చందనంతో ఉన్నాడు. హెడ్మాస్టర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి సొరుగులో పెట్టారు.

మొదటి పరీక్ష రాసొచ్చిన సాయంత్రం వాడి ఫోన్ వచ్చింది. బోటు ఒడ్డుకి వచ్చిందట. గాలి హోరులో సగం మాటలు పోతున్నాయి. ఏం వండుతున్నావని అడిగాను.

"ఏటుంతాది? సేపల పులుసు. ఆలకి."

"నీకో?"

"నాకు పప్పు. మాల తీసినాక నాను సేప ముట్టలేదురా. మొక్కింది సదువు కోసం కదా, మజ్జిలో ఒగ్గీకూడదు." కాసేపు గాలి. "పేపరు ఎలాగుంది?"

"ఉంది."

"ఏ డ్రెస్ ఏసుకెల్లినావు?"

నేను ఇంకా పరీక్షకి వేసుకెళ్లిన పసుపు టీషర్టులోనే ఉన్నాను. దాని మీద ఏదో నీళ్ల ట్యాంకు బొమ్మ.

"యూనిఫామే," అన్నాను. "టై, బెల్టు, బూట్లు. గేటు కాడ ఒక్కొక్కల్నీ సూసి మరీ పంపినారు."

"సూసినావా," అన్నాడు. వాడి గొంతు తేలికపడింది. "మరైతే నాను ఉండిపోయినా ఒకటే. అక్కడిదాకా వచ్చి గేటు కాడి నుంచి తిరిగెల్లిపోదును."

"అంతే కదా," అన్నాను.

"రేపేటి పేపరు?"

"హిందీ."

"బాగా రాయి," అన్నాడు. వెనక ఎవరో పిలిస్తే, పప్పు పొయ్యి మీద ఉందని చెప్పి పెట్టేశాడు.