తమ్ముడి విమానం ఇంజను విప్పిన ఆదివారం

ఆ ఆదివారం మా క్వార్టరు వరండాలోంచి నా కుట్టుమిషను లోపలికి పోయింది. దాని చోట ఒక విమానం ఇంజను వచ్చి కూర్చుంది. విమానమంటే పెద్దదేం కాదు. గుడ్డ రెక్క, మూడు చక్రాలు, ముందొకరు వెనకొకరు కూర్చునే బండి. వేంసూరులో వ్యవసాయం చేసుకునే నా తమ్ముడికి ఆ పిచ్చి పట్టింది. హైదరాబాదు పోయి ఎగరడం నేర్చుకుని, రెండు వానాకాలాలు ఎవరి షెడ్డులోనో పడి ఉన్న పాత బండిని కొనుక్కొచ్చాడు. దుక్కి దున్నేవాడికి ఆకాశంలో ఏం పని అని నేను తిట్టని రోజు లేదు. వాడు నవ్వేస్తే మాత్రం నా కోపం నిలిచేది కాదు.

మా ఆయన కొత్తగూడెం గనుల్లో ఫిట్టరు. అంతకుముందు చాలా ఏళ్లు డ్రిల్లు మిషను పట్టినవాడు. స్కూటరుకు ఉండే టూ స్ట్రోక్ ఇంజను లాంటిదే కదా, బావ విప్పి చూసి బాగుందంటే చాలు, ఎగురుతానన్నాడు తమ్ముడు. ఈయన సరేనన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. వాళ్ల గనిలో ఒక పద్ధతి ఉండేది. మనుషుల్ని లోపలికి దించే కేజ్‌కు మరమ్మతు చేస్తే, చేసిన ఫిట్టరే ముందు అందులో దిగి రావాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు. ఆ లెక్కన ఈయన విమానంలో వెనక సీటు మొదట తనదేనని మాటిచ్చేశాడు. గోడకు సున్నం వేయడానికి స్టూలెక్కితే కాళ్లు వణికే మనిషి! పినపాక దగ్గర ఒక బీడులోంచి లేచి, అడవి మీదుగా ఒక చుట్టు తిరిగి రావాలని ఇద్దరి ప్లాను. తోడబుట్టినవాడూ, కట్టుకున్నవాడూ ఒకే ఇంజనును నమ్ముకుని గాల్లోకి పోతారట. ఆ వారం నాకు అన్నం సహించలేదు.

విప్పడం మాత్రం ముచ్చటగా సాగింది. ఈయన నేనిచ్చిన తెల్ల లైనింగు గుడ్డ పరిచి, తీసిన సామాను తీసిన వరసలో పెట్టుకుంటూ పోయాడు. ప్లగ్గులు కాఫీ రంగులో ఉన్నాయి, అది మంచి గుర్తేనట. పిస్టను నెత్తిన మసి ఉంది గాని పక్కల గీతలు లేవు. ఒక్కో ముక్క బయటికొచ్చినప్పుడల్లా బాగుందా బావా అని తమ్ముడు అడగడం, ఈయన దాన్ని తుడిచి వరసలో పెట్టడం. చివరికి లోపల తిరిగే ఇరుసు బయటికొచ్చింది. దాని రెండు చివర్ల బేరింగులను పెట్రోలుతో కడిగి, వేళ్లతో మెల్లగా తిప్పి చూశాడు.

"మంచిగున్నయ్. బిగిద్దాం" అన్నాడు.

నేను చాయ్ గ్లాసులు పెట్టడానికి ఆ ఇరుసును పక్కకు జరిపాను. బేరింగు నా వేలి కింద తిరిగింది. ఒకచోట ఇసక రేణువు అడ్డం పడ్డట్టు తగిలింది. మళ్లీ తిప్పాను, మళ్లీ అక్కడే. సూది మొన కొంచెం మొద్దుబారితేనే పట్టుకునే వేళ్లు నావి, పొరపాటు పడవు. చెప్పాను. ఈయన తీసుకుని రెండుసార్లు తిప్పాడు.

"ఏం లేదే" అన్నాడు.

అబద్ధం కాదు. ఆయనకు నిజంగానే ఏమీ తగల్లేదు. తమ్ముడు తీసుకుని తిప్పాడు. వాడి ముఖం మారిపోయింది. భూతద్దం పెట్టి చూస్తే లోపలి గుండ్ల మీద సన్నటి తుప్పు మచ్చలు. పైకి వెళ్లాక ఆ బేరింగు పట్టేస్తే ఇంజను ఆగిపోతుందట. కింద అడవిలో దిగడానికి చోటెక్కడిది? రెండు బేరింగులూ కొత్తవి తెప్పిస్తాననీ, అప్పటిదాకా బండి ముట్టననీ నా చేతిలో చెయ్యేసి తమ్ముడు బస్సెక్కాడు. బావను పల్లెత్తు మాట అనలేదు. అందుకు వాడంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఈయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మరక ఎప్పుడో పోయింది, తుడవడం ఆగలేదు.

"ఎన్ని రోజులసంది?" అని అడిగాను.

"రెండేండ్లయితాంది. వేళ్ల కొసలకు ఏం తెలుస్తలేదు."

ఏళ్ల తరబడి డ్రిల్లు అదురుకు, అది పట్టినవాళ్లలో ఇంకొందరికీ ఇట్లాగే అయిందనీ, తను కళ్లతో చూసుకుంటూ నెట్టుకొస్తున్నాననీ అన్నాడు. రెండేళ్లుగా చొక్కా గుండీలు నాతోనే పెట్టించుకుంటున్నాడు. కొత్త పెళ్లికొడుకు సోకులు అని ఆటపట్టించేదాన్ని. లోలోపల మురిసిపోయేదాన్ని కూడా. అవన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

దవాఖానాకు పోదామన్నాను. తలూపాడు. ఆయన చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్లను గట్టిగా పట్టుకున్నాను.

"ఇది తెలుస్తాందా?"

ఆయన తల వంచి మా చేతుల వైపు చూశాడు.

"తెలుస్తాంది" అన్నాడు.

కళ్లు మూసుకుని చెప్పమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.