చేతిలో పడ్డ బిడ్డకే సంతకం

దోన్యా తోలాని పెళ్ళికి పిలవాలంటే పెళ్ళికొడుకులకు భయం. పిలవకపోతే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. ఆవిడ వచ్చిందంటే సరాసరి పెళ్ళికొడుకు పక్కకే వెళ్ళి, గదంతా వినబడేలా ఒకే మాట అంటుంది.

"వీణ్ణి బట్టల్లేకుండా అందరికంటే ముందు చూసింది నేనే, గుర్తుంచుకో అమ్మాయ్!"

అబద్ధమేం కాదు. రెండు దేశాలకు సరిహద్దైన నదికి ఈవల, టెక్సస్ ఒడ్డున, ఆ మట్టిరోడ్ల పేటలో సగంమంది ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళే. దోన్యా అనేది పెద్దావిడలకు గౌరవపు పిలుపు; అసలు పేరు ఎస్తోలియా. ఆ పేరు చర్చి పుస్తకానికే తెలుసు. చదువు నాలుగో తరగతి. పని నేర్పింది మేనత్త. తర్వాత ప్రభుత్వం వాళ్ళు పరీక్ష పెడితే అదీ పాసై, మంత్రసానిగా చీటీ తెచ్చుకుని గోడకు తగిలించుకుంది.

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు. తోలా పట్టింది. నారింజ తోటల్లో కోతకు పోయేవాళ్ళు, హోటల్ గదులు తుడిచేవాళ్ళు, నిండు నెలలతో నది దాటి తడిబట్టలతో గుమ్మంలో కూలబడినవాళ్ళు, అందరూ ఆవిడ దగ్గరికే. ఆసుపత్రికి వెళితే కాగితాలు అడుగుతారని వాళ్ళ భయం. తోలా అడిగేది ఒకటే: "నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి?"

కాన్పయ్యాక తల్లికి కోడిపులుసు తాగించేది. బిడ్డ పాదానికి సిరా రాసి నీలం అట్ట పుస్తకంలో అద్దేది. పక్కన తారీఖు, తల్లి పేరు. మర్నాడు స్నానం చేసి, మంచి గౌను వేసుకుని, ఆఫీసుకెళ్ళి పుట్టినట్టు సంతకం పెట్టి వచ్చేది. ఈ గడ్డ మీద పుట్టిన బిడ్డ ఈ దేశం బిడ్డే, తల్లి ఎలా వచ్చినా సరే. చట్టం అలాగే ఉంది.

ఉంది గానీ, ఈమధ్య రేడియోలో రోజూ దాని మీదే రచ్చ. తల్లికి కాగితాల్లేకపోతే బిడ్డకి మాత్రం హక్కేమిటని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. రొట్టెల కొట్టు దగ్గర దోన్ ఎవరిస్తో కూడా అదే పాట. ఆయనకు ఆరు తరాలుగా ఇక్కడే భూమి.

"నువ్వేమన్నా అను తోలా, దొంగదారిన వచ్చి కనేస్తే మా బిడ్డ అయిపోతుందా? మా అల్లుడు పన్నెండేళ్ళు లైన్లో నిలబడి వచ్చాడు. వాడేమైనా పిచ్చోడా?"

"లైన్లో నిలబడాల్సింది తల్లి. సరే, ఒప్పుకుంటా. బిడ్డ ఎక్కడ నిలబడాలి ఎవరిస్తో, కడుపులోనా?"

కొట్లో వాళ్ళు నవ్వారు. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"నోరుందిగా నీకు."

"చేతులు కూడా ఉండేవి. నీ మనవడు అడ్డం తిరిగినప్పుడు నువ్వు పెరట్లో ఏడుస్తుంటే, తిప్పింది ఈ చేతులే. నేను తల ఎటుందో చూస్తాను. కాగితం ఎటుందో చూడను."

ఇదంతా మాటల వరకే అనుకుంది తోలా. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాయి, చేతులు వణుకుతున్నాయి, పని మానేసి ఏడేళ్ళయింది. అలాంటప్పుడు ఒకరోజు నెరేయిదా వచ్చింది, చంకలో రెండేళ్ళ పిల్లతో.

నెరేయిదాకి ఇరవై ఆరేళ్ళు. ముసలివాళ్ళ ఆశ్రమంలో పని చేస్తుంది. పాస్‌పోర్టుకి పెట్టుకుంటే తిప్పి కొట్టారు. నువ్వు ఇక్కడ పుట్టినట్టు నమ్మకం లేదు, మంత్రసాని సంతకం చాలదు, కోర్టులో రుజువు చేసుకో అన్నారు. చేసుకోలేకపోతే నదికి ఆవల, ఎవరూ తెలియని ఊరికి పంపేస్తారు.

"అమ్మమ్మా, నీ చేతుల్లోనే పుట్టానా నేను?" అని అడిగింది. తోలా చేతుల్లో పడ్డవాళ్ళందరూ ఆవిణ్ణి అమ్మమ్మా అనే పిలుస్తారు.

"ఏడుస్తూ కాదు, తుమ్ముతూ పుట్టావు. ఇంకెవరూ అలా పుట్టలేదు" అంటూ తోలా నీలం పుస్తకం తీసింది. పాదం ముద్ర ఉంది. బొటనవేలంత ఉంది.

"మరి ఆవల కూడా నేను పుట్టినట్టు కాగితం ఉందట, ఎలా?"

అదీ చిక్కు. ఆవలి ఒడ్డున కూడా నెరేయిదా పేర పుట్టిన కాగితం ఒకటి ఉంది. తవ్వి చూస్తే తేలింది ఏమిటంటే, ఆడపిల్ల బొడ్డు ఊడితే పొయ్యి దగ్గర పాతాలని వాళ్ళ ఆచారం. నెరేయిదా నాయనమ్మ ఎండిన బొడ్డుముక్కను రుమాల్లో కట్టుకుని, వంతెన దాటి, సొంతూళ్ళో పొయ్యి పక్కన పాతింది. వెళ్ళిన పని ఎలాగూ అయింది కదా అని, రేపు పిల్ల అక్కడి బడికి పోవాల్సి వస్తే పనికొస్తుందని, అక్కడి ఆఫీసులో కూడా "మా మనవరాలు ఇక్కడే పుట్టింది" అని రాయించేసింది. ఆ రోజుల్లో చాలామంది ముసలమ్మలు చేసిన పనే ఇది. పిల్లకు రెండు గొడుగులు ఉంటే మంచిదే కదా అనుకున్నారు. ఒక గొడుగు రెండోదాన్ని చింపుతుందని ఎవరికి తెలుసు?

నెరేయిదా తరఫు వకీలు చురుకైన మనిషి. పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, మొహమాటం లేకుండా చెప్పింది.

"సిరా ముద్ర ఎప్పుడైనా వేయొచ్చంటారు దోన్యా. ఈ నది పొడుగునా కొంతమంది మంత్రసానులు సంతకాలు అమ్ముకున్నారు, జైలుకీ వెళ్ళారు. మీరూ అంతేనంటారు. ఎవరైనా దొంగ సంతకం అడిగితే మీరు కాదన్న సందర్భం ఏదైనా ఉందా?"

తోలా పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత "ఉంది. కానీ ఆ మనిషిని అడగొద్దు" అంది.

ఆ మనిషి లిబ్రాదా. తోలా సొంత చెల్లెలు. నాలుగు వీధుల అవతలే ఇల్లు.

ముప్పై ఏడేళ్ళ కిందటి సంగతి. లిబ్రాదా నిండు నెలలతో తల్లిని చూడ్డానికి ఆవలి ఒడ్డుకు వెళ్ళింది, వద్దంటే వినకుండా. అక్కడే బస్టాండులో కాన్పయింది. మగపిల్లాడు. చేమా అని పేరు పెట్టింది. రెండో రోజున పిల్లాణ్ణి శాలువాలో చుట్టుకుని వంతెన దాటించి, అక్క గుమ్మంలో నిలబడింది. అప్పటికి లిబ్రాదాకి గానీ, మొగుడికి గానీ కాగితాల్లేవు; వంతెన మీద ఆ రోజుల్లో అంతగా అడిగేవాళ్ళు కాదు.

"రెండు రోజులు తోలా. రెండు రోజులు, ఒక వంతెన. అంతే తేడా. ఇక్కడ పుట్టాడని రాసెయ్."

"నా చేతిలో పడలేదే."

"ఇదిగో, పట్టుకో, ఇప్పుడు నీ చేతిలోనే ఉన్నాడుగా!"

తోలా పిల్లాణ్ణి పట్టుకుంది, ముద్దు పెట్టుకుంది, సంతకం మాత్రం పెట్టలేదు. "ఒక్క అబద్ధం రాశానంటే లిబ్రాదా, నిజంగా పుట్టినవాళ్ళందరూ అబద్ధమైపోతారు."

"ఊరందరికీ తల్లివి. తోడబుట్టినదానికి రాయివి."

ఆ తర్వాత లిబ్రాదాకి మొగుడి ద్వారా కాగితాలొచ్చాయి. చేమాకి రాలేదు. ఈ పేటలోనే పెరిగి, ఇక్కడి బడిలోనే చదివి, ముప్పయ్యో ఏట పోలీసులు రోడ్డు మీద బండి ఆపి అడిగితే చూపించడానికి ఏమీ లేక ఆవలికి పోయాడు. ఇప్పుడు అక్కడ టైర్ల కొట్లో పని. అక్కచెల్లెళ్ళు ఒకే చర్చికి వెళ్తారు. ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు.

అడగొద్దన్నా నెరేయిదా వెళ్ళింది. పిల్లని ఎత్తుకుని లిబ్రాదా తలుపు తట్టింది.

"ఎవరు పంపారు? ఆ మనిషేనా?"

"లేదు చిన్నమ్మమ్మా. ఆవిడ వద్దంది."

"అదొక్కటి మంచిపని చేసింది." తలుపు మూసుకుంది. నెరేయిదా కోర్టు తారీఖు మూసిన తలుపుకే చెప్పి వచ్చింది.

కోర్టులో ప్రభుత్వం తరఫు వకీలు తోలాని బాగానే దులిపాడు. ఆవల కాగితం ఉందిగా అన్నాడు.

"బొడ్డు అక్కడికి వెళ్ళింది బాబూ, బిడ్డ ఇక్కడ పుట్టింది" అంది తోలా. "నువ్వు జుట్టు కత్తిరించుకున్న చోటే పుట్టావా?"

జడ్జి నవ్వాపుకుంటూ తలొంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. వకీలు మాత్రం నవ్వలేదు. "పాపం, ఏడుస్తున్న తల్లి వచ్చి అడిగితే, జాలిపడి ఒక్కసారైనా రాసే ఉంటారు. మనుషులమే కదా."

"రాయలేదు" అంది తోలా. అంతకు మించి చెప్పాలంటే చెల్లెలి పేరు చెప్పాలి.

అప్పుడు వెనక బెంచీలోంచి లిబ్రాదా లేచింది, నల్లగౌనుతో, చేతిసంచితో. వకీలమ్మ గబగబా జడ్జి అనుమతి తీసుకుని ఆవిణ్ణి బోనెక్కించింది.

"నేను ఈ మనిషికి సాయం చెయ్యడానికి రాలేదు" అంది లిబ్రాదా, ప్రమాణం చేశాక. "ముప్పై ఏడేళ్ళయింది మేం మాట్లాడుకుని. నా కొడుకు ఆవల పుట్టాడు. ఇక్కడ పుట్టాడని రాయమని నేనే అడిగాను. కాళ్ళు పట్టుకున్నాను. రాయలేదు. రెండు రోజుల తేడాకి రాయలేదు. ఈవిడ అబద్ధం రాసే మనిషే అయితే, నా కొడుకు ఇవాళ నా ఇంట్లో అన్నం తింటూ ఉండేవాడు."

సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. చేమా పుట్టిన కాగితం. ఆవలి ఒడ్డుది. నిజమైనది.

ప్రభుత్వం వకీలు ఇంక ప్రశ్నలు లేవన్నాడు.

బయట ఎండ మండిపోతోంది. నెరేయిదా కారు తేవడానికి వెళ్ళింది. అక్కచెల్లెళ్ళిద్దరూ మెట్ల మీద పక్కపక్కనే నిలబడ్డారు. ముందు లిబ్రాదాయే మాట్లాడింది.

"రాయనందుకు నిన్ను ఇవాళ్టికీ క్షమించలేదు. రాసుంటే ఈ పిల్లని ఆవలికి పంపేసేవాళ్ళు. రెండూ నిజమే. నన్నేం చెయ్యమంటావ్?"

"నాకు మాత్రం ఏం తెలుసు. వాడి నుదురు మీద పుట్టుమచ్చ ఉండేది. ఉందా ఇంకా?"

"ఉండక ఎక్కడికి పోతుంది?"

కారొచ్చింది. లిబ్రాదా ముందు సీటు తలుపు తీసింది. "వెనక కూర్చుంటే నాకు తిప్పుతుంది."

"కూర్చో, కూర్చో. నాకెక్కడైనా ఒకటే."

ఆరు వారాలకు తీర్పొచ్చింది: నెరేయిదా ఇక్కడే పుట్టింది. ఆ పేటలో అలాగే పాస్‌పోర్టు తిప్పికొడుతూ ఉత్తరాలు వచ్చినవాళ్ళు ఇంకా పదకొండుమంది ఉన్నారు. వాళ్ళ వకీళ్ళు కూడా తోలా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ప్రతిసారీ తోలా నీలం పుస్తకం పట్టుకుని వెళ్తుంది. ప్రతిసారీ లిబ్రాదా చేతిసంచి పట్టుకుని వస్తుంది, ముందు సీట్లో కూర్చుని, తనకు ఇష్టం లేదని దారిపొడుగునా చెబుతూ.

నెరేయిదా పాస్‌పోర్టు చేతికొచ్చాక మొదటిసారి వంతెన దాటింది ఆ ముసలివాళ్ళిద్దరినీ ఎక్కించుకునే. తోలా ఒళ్ళో కోడిపులుసు గిన్నె, మూత మీద గుడ్డ కట్టి ఉంది. టైర్ల కొట్టు ముందు ఆగారు. నూనె చేతులతో బయటికొచ్చిన చేమా నుదురు వైపే చూసింది తోలా. మచ్చ ఉంది.

"ముందు చేతులు కడుక్కోరా" అంది. "చల్లారిపోతుంది."