పక్కన కూర్చుని చెప్పాల్సిందే

మా వదిన అంబులెన్సులను ఇళ్లకు పంపే సాఫ్ట్‌వేర్ జట్టుకు పెద్ద. ఆ జట్టులోనే నేను టెస్టర్‌ను. ఇంట్లో ఆడపడుచునీ, ఆఫీసులో ఆమె తప్పులు పట్టేదాన్నీ. రెండూ ఒకటే ఉద్యోగమనీ, జీతం మాత్రం ఒకచోటే వస్తోందనీ ఆమె వెక్కిరిస్తుంది.

ఒకప్పుడు మా జట్టులో అందరిదీ ఆడింది ఆట, పాడింది పాట. ఎవరికి తోచిన మార్పు వాళ్లు చేసి పంపేసేవారు. అలాంటి ఒక మార్పు వల్ల బండి పై వీధికి పోవాల్సింది కింది వీధికి పోయింది. మనిషి బతికాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు వదిన ఒకే ఒక్క కట్టుబాటు పెట్టింది. కోడ్ రాసినవాళ్లు దాన్ని పంపే ముందు ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏం మార్చారో, దానివల్ల ఏది చెడిపోవచ్చో నోటితో చెప్పాలి. వినేవాళ్లకు అర్థం కాకపోతే ఆగాలి. మిగతాదంతా మీ ఇష్టం అంది. కుర్రాళ్లు అదీ బరువేనని సణిగారు. ఆమె లెక్కచేయలేదు.

తర్వాత కొత్త మేనేజర్ వచ్చాడు. గీత దాటనివ్వడని ఆయనకు స్కేలుదొర అని పేరు పెట్టుకున్నాం. అక్షరం దిద్దాలన్నా కంప్యూటర్‌లో ఐదుగురు ఆమోదం నొక్కాలన్నాడు. కూర్చుని చెప్పుకోవడం కాలయాపన, మానేయమన్నాడు. కొన్నాళ్లకే అందరూ చదవకుండా నొక్కేయడం మరిగారు.

వదినకు మండింది. ఒక మార్పు రాసి, వివరణలో "దీనివల్ల బండ్లన్నీ షెడ్డులోనే ఉండిపోతాయి" అని పెట్టింది. భోజనాల వేళకు ఐదు ఆమోదాలూ వచ్చేశాయి. స్కేలుదొరదీ ఉంది. ఆమె దాన్ని బయటికి పోనివ్వకుండా ఆపి, డైరెక్టర్‌కు చూపించింది.

ఆయనకు నవ్వు రాలేదు. "ఈ పరీక్షలు పెట్టమని నీకెవరు చెప్పారమ్మా? పద్ధతికి ఒప్పుకో, లేదా పెద్దరికం వదులుకో."

"తీసుకోండి సార్. పక్కన కూర్చుని చెప్పకుండా నా చేతిమీదుగా ఒక్క ముక్క కూడా పోదు. అవతల మనిషి ఊపిరాడక ఎదురుచూస్తుంటాడు."

తీసేసుకున్నారు. ఆ స్థానం నాకిస్తామన్నారు. వదినా ఆడపడుచులకు తగవు పెడితే పని సులువనుకున్నారు కాబోలు. నాకు ఒళ్లు మండిపోయింది.

"వాళ్ల మొహానే కొడతాను," అన్నాను వంటింట్లో.

"కొట్టకు, తీసుకో," అంది వదిన గిన్నె తోముతూ. "నువ్వు వద్దంటే తలూపేవాణ్ణి తెచ్చి పెడతారు."

"నన్నూ తీసేస్తే?"

"తీసేయనీ. ఎంతమందిని తీస్తారో చూద్దాం."

తీసుకున్నాను. మొదట నా దగ్గరికి వచ్చింది, ఇప్పుడు జట్టులో మామూలుగా కోడ్ రాస్తున్న వదిన తెచ్చిన కొత్త మార్పే. పక్కన కూర్చుని చెప్పింది. నిజంగానే అర్థం కాలేదు. ఆపేశాను.

స్కేలుదొర పరుగున వచ్చాడు. "ఐదు ఆమోదాలూ ఉన్నాయి కదా, ఎందుకాపావు?"

"ఆ ఐదుగురిలో ఒక్కరికైనా ఇది అర్థమైందేమో కనుక్కుని రండి సార్. అప్పటిదాకా ఇది కదలదు."

వదిన మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.