ఇరానీ హోటల్లో మా బాపు

మా బాపు ఇంట్లో మాట్లాడేవాడు కాదు. కోపం వల్ల కాదు, అలవాటు లేక. బస్సు డిపోలో ఫిట్టరు ఆయన. సాయంత్రం ఇంటికి రాగానే చేతులకంటిన నల్లటి గ్రీజు పోయేదాకా సబ్బుతో రుద్దుకునేవాడు. చొక్కా మార్చుకుని, దువ్వెన ఒకసారి తలమీద తిప్పి, చార్మినార్ వైపు వెళ్ళే తోవలో ఉన్న ఇరానీ హోటల్‌కు నడిచిపోయేవాడు. మళ్ళీ అన్నం వేళకే రావడం. తిన్నంతసేపూ తల పైకెత్తేవాడు కాదు. కూర ఎలా ఉందంటే తలూపేవాడు. ఆ ఊపుకు బాగుందని అర్థమో, బాగాలేదని అర్థమో మేమే తేల్చుకోవాలి.

అవి డెబ్బైల నడిమి రోజులు. దబీర్‌పురా స్టేషన్ వెనక వరసగా కట్టిన ఇళ్ళలో మాదొకటి. నేను ఇంటర్ పూర్తిచేసి టైపు నేర్చుకుంటున్నాను. మా అమ్మ బాపుకు పూర్తిగా ఎదురు మనిషి. దేన్ని చూసినా దాని లోపల ఏముందో ఆమెకు తెలియాలి. లాడ్ బజార్‌కు గాజులకని వెళ్తే గాజులు బేరమాడడం మరిచిపోయేది. కుంపటి ముందు కూర్చున్న మనిషి లక్కను వేడిచేసి వంచుతుంటే, పక్కన గొంతుక్కూర్చుని, "గది ఇరుగకుంట ఎట్ల వంగుతదన్నా?" అని అడుగుతూ ఉండేది. నేను కొంగు పట్టి లాగితేగానీ లేచేది కాదు.

అలాంటి మనిషికి ఆ హోటల్ పెద్ద చిక్కుముడి అయింది. ఆ దారిన ఎన్నిసార్లు నడిచినా లోపల కనిపించేవి గోడకున్న పెద్ద అద్దాలు, పాలరాతి బల్లలు, బల్లల చుట్టూ మగవాళ్ళు, అంతే.

"ఒక్క చాయ్ గంతసేపు ఎట్ల తాగుతరు?" అని అడిగింది ఒకరోజు, బాపు అన్నం తింటుంటే.

"తాగుతరు," అన్నాడు బాపు.

"లోపట ఏముంటది?"

"కుర్సీలుంటయ్."

"ఇంకేముంటది?"

బాపు కాసేపు ఆలోచించాడు. "మనుషులుంటరు," అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. నాకు నవ్వొచ్చింది. కానీ నిజం చెప్పాలంటే నాక్కూడా తెలుసుకోవాలనే ఉండేది. మాటే రాని ఈ మనిషి అంతమంది నడుమ కూర్చుని రోజూ ఏం చేస్తాడు?

దారి చూపించింది పక్కింటి ఖాలా. పిన్నిని పిలిచినట్టు ఆమెను నేను అలా పిలిచేదాన్ని. ఆమె భర్త లాడ్ బజార్లోనే ఒక గాజుల దుకాణంలో పనిచేసేవాడు. మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడ మీదుగా పచ్చళ్ళు అటూ సేమియా ఇటూ నడుస్తుండేవి. అమ్మ గోడు విని ఖాలా తేలిగ్గా తీసేసింది. "ఫికర్ ఎందుకు బెహెన్? ఆడోళ్ళకు వేరే రూం ఉంటది, పర్దా వేసి. మా ఆయన నన్ను ఒకసారి తోలుకపోయిండు. గాజులు తేనీకి పోతున్నం గద, వచ్చేటప్పుడు పోదాం."

ఖాలా చెల్లెలి కూతురి పెళ్ళి గాజుల కోసం ముగ్గురం వెళ్ళాం. తిరిగి వస్తూ హోటల్ మెట్లెక్కాం. బాపుకు చెప్పలేదు. దాచాలని కాదు, అడిగితే వద్దంటాడని. బాపు అప్పటికి ఇంకా డిపోలోనే ఉంటాడని మా లెక్క.

గుమ్మంలో అడుగు పెట్టామో లేదో, అన్ని బల్లల దగ్గరా మాటలు ఆగాయి. అమ్మ అద్దాల వైపు ఒక్క చూపు చూసేలోపే బేరర్ పరుగున వచ్చి మమ్మల్ని పక్కనున్న చిన్న గదిలోకి పంపి పచ్చటి పరదా లాగేశాడు. లోపల ఒక బల్ల, నాలుగు కుర్చీలు. ఇంకేమీ లేదు.

అమ్మ చుట్టూ చూసి ఉస్సూరుమంది. "ఇదేందే! గింత ఆశపడి వచ్చి గీ పర్దా జూసుకుంట కూసోవాల్నా?"

ఖాలా బురఖా ముసుగు పైకి ఎత్తుకుని పడీ పడీ నవ్వింది.

చాయ్ వచ్చింది. మా ఇంటి చాయ్ కంటే చిక్కగా, పొద్దుగూకేటప్పటి రంగులో ఉంది. అమ్మ సాసర్లో పోసుకుని ఒక గుక్క తాగి, నాలుకతో పెదవి తడుముకుని, "పాలల్ల ఏమేసిన్రు?" అంది. ఖాలా తెలియదంది. చాయ్‌తోపాటు వచ్చిన బిస్కెట్ విరిచి ముంచుకుని తిన్నది అమ్మ. మొదట ఉప్పా, తర్వాత తీపా, రెండూ ఒకేసారా అని మేం ముగ్గురం వాదించుకున్నాం. అప్పుడే బయట పెద్దగా నవ్వులు వినిపించాయి. నవ్వులు తగ్గాక ఒక గొంతు మొదలైంది. హుషారైన గొంతు, దక్కనీ ఉర్దూ, తెలుగు కలగలిపి దొర్లుతూ పోతోంది.

నేను గుర్తుపట్టలేదు. అమ్మ పట్టింది. సాసరు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"మీ బాపు గదనే?"

పరదా సందులోంచి చూశాను. డిపోలో పని తొందరగా అయిపోయిందేమో, బాపు అద్దం కింది బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పక్క బల్లలవాళ్ళు కూడా కుర్చీలు ఆయన వైపు తిప్పుకున్నారు. ఆయన చేతులు ఊపుతున్నాడు, కనుబొమలెగరేస్తున్నాడు, ఒకసారి టికెట్ కలెక్టర్‌లా ఛాతీ విరుచుకుంటున్నాడు, ఇంకోసారి కోడిపుంజులా మెడ నిక్కిస్తున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా నేను రోజూ చూస్తున్న ముఖమే అది. అయినా ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టే అనిపించింది.

ఆయన చెప్తున్నది తన పెళ్ళైన కొత్తలో జరిగిన సంగతి. అమ్మను మొదటిసారి పట్నానికి రైల్లో తీసుకొస్తున్నాడు. అమ్మమ్మ బుట్టలో ఒక పుంజును పెట్టి ఇచ్చింది. దారంతా చప్పుడు చేయని పుంజు, టీసీ పెట్టెలో అడుగు పెట్టగానే బుట్టలోంచి తల బయటపెట్టి కూసింది. ఈ కోడి ఎవరిది, దీని టికెట్ ఏదని టీసీ గద్దించాడు.

"నేను ఊకుంటనా? లేచి నిలబడ్డ," అంటున్నాడు బాపు. "సాబ్, ఒడిల పిల్లకు టికెట్ ఉంటదా అన్న. లేదన్నడు. మరి ఇది మా ఆమె ఒడిలనే ఉన్నది గద అన్న. ఇది పిల్లనా అని గుడ్లురిమిండు. కొత్తగ పెండ్లయింది సాబ్, ఇప్పటికైతే మాకు గిదే పిల్ల అన్న!"

హోటలంతా గొల్లుమంది. నేనూ నవ్వు ఆపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. అమ్మ మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"అబద్ధం," అంది నా చెవిలో. "గా మాట నేనన్న. టీసీని జూడంగనే ఆయన దర్వాజ కాడికి పోయి, నేనెవరో ఎర్కలేనట్టు పొలాలు జూస్తుండె."

ఆ దృశ్యం ఆమెకే కళ్ళకు కట్టిందేమో, చివరి మాట అంటూనే పకపకా నవ్వేసింది. ఆ నవ్వు పరదా దాటిపోయింది. బాపు తల తిప్పాడు. అద్దంలో పరదా, పరదా సందులో నేను. ఆయన ముఖంలో వెలుగు దీపం తగ్గించినట్టు తగ్గిపోయింది. కప్పులో మిగిలిన చాయ్ వదిలేసి, ఏదో పని గుర్తొచ్చిందని స్నేహితులతో చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ పూట అన్నం దగ్గర అమ్మే మొదలుపెట్టింది. "టీసీకి జవాబు జెప్పింది ఎవరు?"

"ఏ టీసీ?"

అమ్మ చూస్తూనే ఉంది. బాపు ముద్ద కలుపుతూ, "నువ్వే," అన్నాడు.

"మరి నువ్వన్నట్టెందుకు జెప్తివి?"

"ఆడ నువ్వు లేవు గద."

"ఇంట్ల ఎన్నడన్న గిసొంటియి జెప్పినవా మాకు?"

బాపు కంచంలో మెతుకులు ఒక పక్కకు జరిపాడు. "నీకు జెప్పనీకి ఏమున్నది? అన్నీ నీకు ఎర్కున్నయే," అన్నాడు చివరికి.

అమ్మ ఆయన కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది. కోపగించుకుందో, సంతోషపడిందో నాకు అంతుపట్టలేదు. ఆ మర్నాటి నుంచి నేను బాపును కొత్తగా చూడడం మొదలుపెట్టాను. హోటల్‌కు వెళ్ళబోయే ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పెదవులు కదుపుతాడని అప్పుడే గమనించాను. ఏం చెప్పాలో అల్లుకుంటున్నాడన్నమాట.

చలి తగ్గుతున్న రోజుల్లో మా బస్తీ కుర్రవాళ్ళు స్కూలు మైదానంలో నవ్వుల మహఫిల్ పెట్టారు. దక్కనీలో నవ్వించే కవులు వస్తారు, తర్వాత అందరికీ భోజనాలు. హోటల్ స్నేహితులు బాపు పేరు కూడా ఇచ్చేశారు. ఆ సంగతి బాపు చెప్పలేదు. ఖాలా గోడ మీదుగా చెప్పింది.

ఎండ ఇంకా మైదానంలో ఉండగానే వెళ్ళాం. ఒక పక్క మగవాళ్ళకు జంపఖానాలు, ఇంకో పక్క గుడ్డ తెరలు కట్టి ఆడవాళ్ళకు చోటు. వెనక పెద్ద డేగిసాల్లో బగారా అన్నం ఉడుకుతోంది. ఆ మసాలా వాసనకు పిల్లలు అటే చూస్తున్నారు. మొదట కవులు చదివారు. అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా అమ్మ ఖాలాను పొడిచి అడిగేది. ఖాలా చెప్పేలోపు అందరి నవ్వూ అయిపోయేది. అప్పుడు అమ్మ ఒక్కతే వెనక నుంచి నవ్వేది.

తర్వాత బాపును పిలిచారు. తెల్ల చొక్కాలో మైకు ముందుకొచ్చి, ఏ బోల్టు వదులైందో వెతుకుతున్నట్టు దాని వైపు చూశాడు. గొంతు సన్నగా వచ్చింది. హోటల్లో ఎగిరిన ఆ చేతులు ప్యాంటు జేబుల పక్కన వేలాడుతున్నాయి. రైలెక్కాడు. కోడి కూసింది. టీసీ వచ్చాడు. "నేను లేచి..." అని ఆగాడు. తెర వైపు చూశాడు. మళ్ళీ "నేను..." అని ఆగిపోయాడు. మగవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. ఎవరో ఈల వేశారు.  భూమి విడిపోయి మేమంతా లోపలికి పోతే బాగుండుననిపించింది.

అమ్మ నా భుజం మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. లేక బయటికి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను.

"సార్, ఒడిల పిల్లకు టికెట్ ఉంటదా?" అని తెర ఇవతలి నుంచి గట్టిగా అడిగింది.

మగవాళ్ళ తలలన్నీ తెర వైపు తిరిగాయి. తర్వాత నవ్వు ఒక మూల మొదలై అంతటా పాకింది. ఒకరిద్దరు, ఆడవాళ్ళ గొంతేంటని గొణిగారు. అధ్యక్షుడి కుర్చీలో ఉన్న షేర్వానీ పెద్దాయన చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. బాపు తెర వైపే చూస్తున్నాడు. మెల్లగా ఛాతీ విరుచుకున్నాడు. ఈ కోడి ఎవరిదంటూ మైకులోంచి టీసీ గొంతు ఖంగుమంది. "ఏ ముర్గా కిస్కా హై?"

"నాదే సార్!"

"ఇది పిల్లనా?"

"కొత్తగ పెండ్లయింది సార్. ఇప్పటికైతే మాకు గిదే పిల్ల!"

ఆ నవ్వుల్లో డేగిసాల దగ్గరి వంటవాళ్ళు కూడా గరిటెలతో ముందుకొచ్చి నిలబడ్డారు. నవ్వు ఆగాక బాపు మైకు దగ్గరికి వంగి, "మియా, ఆ దినం నేను దర్వాజ కాడ నిలబడి పొలాలు జూస్తుంటి. ఈ మాటలన్నీ ఆమెయే," అన్నాడు. పెద్దాయన "ముకర్రర్!" అని కేకేశాడు. మళ్ళీ చెప్పమని. ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సొచ్చింది. రెండోసారి అమ్మ తడుముకోలేదు. కోడి కూత కూడా తనే కూసింది.

భోజనాల దగ్గర అమ్మను ఎవరూ తిననివ్వలేదు. అన్నంలో దాల్చా పప్పు పోసుకుని ముద్ద ఎత్తితే చాలు, ఇంకొకామె వచ్చి, తర్వాత కోడి ఏమైందని అడిగేది. "ఏమైతది, కూరైంది," అనేది అమ్మ. అందరూ అయ్యో అనేవారు, వెంటనే నవ్వేవారు.

ఇంటికి నడుస్తున్నప్పుడు బాపు ముందు, మేం వెనక. స్టేషన్ దగ్గర గేటు పడి ఉంటే ఆగాం. "నువ్వు గట్ల అందరి ముందట మాట్లాడుతవని నాకు ఎర్కలేకుండె," అన్నాడు బాపు, రైలు వచ్చే వైపు చూస్తూ.

"నాగ్గూడ ఎర్కలేకుండె," అంది అమ్మ.

తర్వాతి ఆదివారం బాపు చొక్కా మార్చుకుని, గుమ్మంలో నిలబడి, ఎవరినీ చూడకుండా అన్నాడు. "నడువుర్రి, చాయ్ తాగొద్దాం."

అదే చిన్న గదిలో కూర్చున్నాం. బేరర్ పరదా లాగబోతే బాపు వద్దన్నాడు. బయటి బల్లల నుంచి ఇద్దరు ముగ్గురు ఆయనకు సలాం చేశారు. ఒకాయన అమ్మకు కూడా చేశాడు. అమ్మ తడబడి నమస్కారం పెట్టింది. చాయ్ వచ్చాక ఒక గుక్క తాగి బేరర్‌ను ఆపింది.

"పాలు గింత చిక్కగ ఎట్ల కాగబెడ్తరన్నా? ఏమన్న కలుపుతరా?"

అతను తల గోక్కున్నాడు. "నాకేం ఎర్క అమ్మా? లోపట చాయ్ జేసే ఉస్తాద్‌ను అడగాలె."

అమ్మ బాపు వైపు చూసింది. బాపు నాలుగు రకాలుగా అర్థం చేసుకోదగ్గ తన తల ఊపు ఊపాడు. అమ్మ దాన్ని సరే అనే తీసుకుంది. కొంగు నడుముకు చెక్కుకుని, బల్లల నడుమ నుంచి నడుచుకుంటూ వంటింటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. లోపలి నుంచి అమ్మ ప్రశ్నలు, ఎవరివో మగ గొంతుల జవాబులు, మధ్యలో గిన్నెల చప్పుడు వినిపిస్తున్నాయి. బాపు చెవి ఒగ్గి వింటున్నాడు. ఆమె చాయ్ మీద మీగడ కట్టింది, ఆమె మాత్రం ఇంకా బయటికి రాలేదు.