పులిహోర డబ్బాలో ఈల

అమెరికాలో ఆడవాళ్ల ప్రొఫెషనల్ సాకర్ లీగ్ ఒకటి ఉండేదనీ, అది మూతపడిందనీ, దాని మ్యాచులకు నేను స్వయంగా వెళ్లేవాణ్ణనీ నా కూతురికి ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. చెప్పినప్పుడల్లా కాస్త ఉప్పూకారం దట్టిస్తాను. ఒక్క సంగతి మాత్రం మింగేశాను. అది బయటపడితే పదకొండేళ్ల పిల్ల ముందు నా పరువు గంగపాలే అనుకునేవాణ్ణి.

అప్పుడు నేను అట్లాంటాలో ఎమ్మెస్ చదువుతున్నాను. ఆదివారాలు తెలుగు చర్చికి వెళ్లేవాణ్ణి, సగం దేవుని వాక్యం కోసం, సగం ఆరాధన తర్వాత పెట్టే భోజనం కోసం. లీగ్ టికెట్లు సరిగా అమ్ముడుపోయేవి కావు. స్టాండ్లు బోసిగా కనిపించకూడదని చర్చిలకు కట్టలుగా పంచేవారు. మా వాళ్లకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. అయినా ఫ్రీ అనగానే వ్యాన్ నిండిపోయింది. వెనక సీట్లో పులిహోర డబ్బా కూడా కూర్చుంది.

ఎంత బావుండేదో! జనం లేరు కాబట్టి ముందు వరస మాదే. ఆటగత్తెలు ఒకరినొకరు తిట్టుకునేది కూడా వినిపించేది. ఆట అయ్యాక కంచె దగ్గరికి వచ్చి, ఆఖరి మనిషి దాకా సంతకాలు పెట్టేవారు. మా అట్లాంటా జట్టులోని పదకొండో నంబరు అమ్మాయి ఒకసారి నా పేపర్ ప్లేటు మీద సంతకం పెట్టింది. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

ఇక అసలు సంగతి. మా ఒంగోల్లో సినిమా మొదటి రోజు మొదటి ఆటలో, హీరో తెర మీదికి రాగానే ఈల వేయనివాడు మనిషే కాదు. వేళ్లు నోట్లో పెడితే నాకు గాలీ, ఉమ్మీ తప్ప ఇంకేం వచ్చేవి కావు. అందుకని జేబులో ప్లాస్టిక్ ఈల పెట్టుకునేవాణ్ణి. అలవాటు నాతోపాటు విమానం ఎక్కింది. ఒక ఆదివారం మ్యాచ్‌కు వెళ్లేసరికి, పొద్దున చర్చిలో పిల్లలను ఆడించిన ఈల నా జేబులోనే ఉంది.

స్కోరు సమానం. ఇంకాసేపట్లో ఆట అయిపోతుంది. పదకొండో నంబరు ఇద్దరిని దాటింది. ఎదురుగా గోల్ కీపర్ ఒక్కతే. నాకు ఒళ్లు తెలియలేదు. ఈల తీసి, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాను.

ఆమె టక్కున ఆగిపోయింది. అందరూ ఆగిపోయారు. రిఫరీ తన చేతిలోని ఈల వంక చూసుకుని, తర్వాత మా వైపు చూశాడు. బంతిని తన చేత్తో కింద వదిలి ఆట మళ్లీ మొదలుపెట్టించాడు. అవకాశం పోయింది, కాసేపటికి అవతలి వాళ్లు గోల్ కొట్టారు, మేం ఓడిపోయాం.

"ఏం పని చేశావురా అబ్బాయ్! ఆ పిల్ల కొట్టేసేదిగా!" అంది నా పక్కనున్న చర్చి ఆంటీ.

"ఆంటీ, మీకు దణ్ణం పెడతా, నేనేనని చెప్పకండి."

ఆంటీ ఈల లాక్కుని పులిహోరలో కుక్కి మూత పెట్టేసింది. "నోరు మూసుకుని చప్పట్లు కొట్టు." ఇంతలో సెక్యూరిటీ ఆయన వచ్చి వరసంతా పరికించాడు. ఆంటీ నవ్వుతూ ఆయనకూ ఒక ప్లేటు పులిహోర పెట్టింది, ఈల లేని వైపు నుంచి. ఆయన రెండోసారి కూడా పెట్టించుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు సంతకాలకు వెళ్లలేదు. వచ్చే సీజన్లో ఆమెకు సారీ చెబుదామనుకున్నాను. ఆ సీజన్ రానే లేదు. లీగ్ మూసేశారని ఒక పొద్దున వార్త వచ్చింది, నా సారీ నా దగ్గరే మిగిలిపోయింది.

ఈ ఏడు, అట్లాంటా పక్కనే మేముంటున్న అల్ఫారెట్టాలో మా అమ్మాయి టీమ్‌కు కొత్త కోచ్ వచ్చింది. జుట్టు నెరిసింది. మొదటి ప్రాక్టీస్‌లో పక్క గ్రౌండ్ ఈల వినిపించి మా పిల్లలంతా ఆగిపోయారు. కోచ్ వాళ్లను కూర్చోబెట్టి ఏదో కథ చెప్పింది. గ్రౌండ్ గీతకు అవతల మడతకుర్చీలో ఉన్న నాకు వినిపించలేదు. మా అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"డాడీ! కోచ్ నీ లీగ్‌లో ప్లే చేసిందంట! నంబర్ ఎలెవెన్! ఎవరో ఇడియట్ స్టాండ్స్‌లో విజిల్ కొట్టాడంట, గోల్ మిస్ అయిందంట! నువ్వు చూశావా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ కోచ్ అక్కడి నుంచి నా వైపే చూస్తోంది.

"ఆ ఇడియట్ నేనే నాన్నా."

అది నోరు తెరిచి నన్ను చూసింది. తర్వాత గ్రౌండంతా వినిపించేలా, "కోచ్! ఇట్ వాజ్ మై డాడ్!" అని అరిచింది.

కోచ్ నడిచి వచ్చింది. ఇరవై ఏళ్లుగా మనసులో దిద్దుకున్న ఇంగ్లీషంతా ఆవిరైపోయి, "సారీ" ఒక్కటే మిగిలింది.

"నిజంగా ఆ రోజు అక్కడున్నారా? ఎక్కడ కూర్చున్నారు?" అని అడిగింది.

"ముందు వరసలో, కార్నర్ జెండా దగ్గర."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను ఆడేదాన్నంటే ఈ పిల్లలు నమ్మరు. చూసినవాళ్లు ఇన్నేళ్లకు ఒక్కరు దొరికారు" అంది.

మెడలోని ఈల తీసి నా చేతిలో పెట్టింది. మా అమ్మాయిని గోల్‌లో నిలబెట్టి, బంతితో దూరం నుంచి పరుగు మొదలుపెట్టింది. ఈల నా పెదవుల మధ్యే ఉంది. బంతి వల తాకేదాకా ఊపిరి బిగబట్టుకుని ఆగాను. అప్పుడు ఊదాను.