మైకులో పిలిచిన పేరు

మా పెద్దమ్మకు ఏడేళ్ళు వచ్చేదాకా ఒక పేరుండేది. ఆ తర్వాత దాన్ని కామందుల వాళ్ళు తీసేసుకున్నారు. ఈ మాటంటే నాతో పనిచేసే అంగన్‌వాడీ టీచర్లు నవ్వుతారు, "పేరు తీసేసుకోవడమేంది ఎస్తేరూ, అదేమన్నా గేదా?" అని. నవ్వుకోనివ్వండి. జరిగింది చెబుతాను.

పెద్దమ్మ కడుపులో ఉన్నప్పుడు వాళ్ళమ్మ కామందుల పెద్దింట్లో పేడ ఎత్తేది. ఆ ఇంటి ముసలావిడ సౌభాగ్యమ్మగారు కాన్పుకు ముందు ఒక పాత చీర ఇచ్చింది. ఆ మురిపెంలో, పుట్టిన పిల్లకు ఆమె పేరే పెట్టుకుంది వాళ్ళమ్మ. గౌరవమనుకుంది పిచ్చిది. ఊరి బయట మా పల్లెలో పెట్టుకున్న పేరు ఊళ్ళోకి వెళ్ళడానికి ఏడేళ్ళు పట్టింది. పిల్లను దూడల దగ్గర పనికి పెట్టిన రోజున కామందు పేరడిగాడు. పిల్ల చెప్పింది. ఆయన తుపుక్కున ఉమ్మేశాడు.

"మా అమ్మ పేరెట్టుకుందంట్రా ఇది! రేపు దీన్ని తిడితే మా అమ్మను తిట్టినట్టు గాదూ? పుల్లలాగుంది, పుల్లీ అనండి, సరిపోద్ది."

అంతే, ఆ రోజు నుంచి ఊరికి పుల్లి. ఊరికి భయపడి పల్లెకూ పుల్లే. వాళ్ళమ్మ మాత్రం తలుపు దగ్గరగా వేసి, తల దువ్వుతూ, గొంతు తగ్గించి "సౌభాగ్యమ్మా" అనేదట. పెద్దమ్మకు పదేళ్ళప్పుడు ఆమె కూడా పోయింది.

పెద్దయ్యాక పొగాకు పనిలో పెద్దమ్మకు సాటి లేదు. ఆకు చేతిలోకి తీసుకోగానే ఏ రకమో చెప్పేది. ఆమె కట్టిన కట్టను కొనేవాళ్ళు కూడా గుర్తుపట్టి, "ఇది పుల్లి కట్ట, విప్పి చూడబళ్ళేదు" అనేవారు. మెచ్చుకోలులో కూడా ఆ పేరే.

మా పెదనాన్న ఇస్సాకు మంచివాడని మగవాళ్ళంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళైన కొత్తలో పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం దగ్గర ఆకు కర్రలకు కడుతూ, ఒక్కసారి నన్ను పేరుతో పిలువు అని అడిగిందట పెద్దమ్మ.

"నీ మొకానికి సౌభాగ్యం గావాల్సొచ్చిందా? కామందు చెవినబడితే నా ఈపు పగులుద్ది. పుల్లీ, పోయి మంచినీళ్ళు తే!" అన్నాడాయన.

తెచ్చింది. ఆయన పోయేదాకా ముప్పై ఏళ్ళు తెస్తూనే ఉంది.

ఇక మేమంటారా? పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవకూడదు కదా. నేను పెద్దమ్మా అన్నాను, చుట్టాల పిల్లలు అత్తా అన్నారు, చర్చిలో అమ్మా అన్నారు. ప్రేమ ఉన్నవాళ్ళెవరికీ ఆ పేరుతో పని పడలేదు.

"ఎస్తేరూ, ఈది మొదట్లో నిలబడి ఎవురన్నా గట్టిగా పిలిస్తే, ఇంట్లోంచి ఆఁ అని పలకాలనుంటదే నాకు. నవ్వమాక" అంది ఒకసారి, నా తలలో పేలు చూస్తూ.

నేను టీచరునయ్యాక ఆమె కాగితాలన్నీ సరిచేయించాను. ఇళ్ళ స్థలాల దరఖాస్తులో "దారా సౌభాగ్యమ్మ" అని నా చేత్తో రాశాను. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"పట్టాలిచ్చేనాడు పేరు పిలుస్తారా?"

"మైకులో పిలుస్తారు పెద్దమ్మా."

"గారు అంటారా?"

"ఆఫీసరు గదా, అందర్నీ అంటాడు."

"ఊరోళ్ళందరూ ఉంటారా?"

"ఉంటారు."

స్థలం ఎన్ని సెంట్లో మాత్రం ఆమె అడగలేదు.

పట్టాలిచ్చే రోజు నేరేడుపండు రంగు చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని పొద్దున్నే తయారైంది. స్కూలు ఆవరణలో సభ. ముందు కుర్చీల్లో ఊరివాళ్ళు, వెనక నేల మీద పరిచిన బరకాల మీద మేము. మా సర్పంచి ఆడమనిషే, కానీ వేదిక మీద కూర్చున్నది ఆమె మొగుడు, చిన్న కామందు.

"దారా సౌభాగ్యమ్మ గారు!" అని ఆఫీసరు మైకులో పిలిచాడు.

తనంతట తనే లేవాలని నేను కావాలనే కదలకుండా కూర్చున్నాను. పెద్దమ్మ లేచింది కూడా. లేచి, కొంగు భుజాల నిండా కప్పుకుని, ఒక పక్కకు ఒదిగి, ముందు కుర్చీల వైపు చూసింది. పెద్దింటావిడకు దారి ఇస్తోంది! ఆ ముసలావిడ పోయి నలభై ఏళ్ళు.

రెండోసారి పిలిచారు.

"ఆయమ్మ యాడుందే?" అని నన్నే అడిగింది. నేను లేవబోయాను.

మూడోసారి కూడా పిలిచాక చిన్న కామందు మైకు లాక్కున్నాడు. "ఏమే పుల్లీ! నిన్నేనే, చెవుడా?"

"ఆఁ, వస్తన్నానయ్యా!" అంటూ పరుగెత్తింది. ఊరివాళ్ళు నవ్వారు. మా పల్లెవాళ్ళూ నవ్వారు, అదే నాకు ఇప్పటికీ మంట.

తిరిగి వచ్చేటప్పుడు బ్యారన్ల దారిన నడిచాం. పెద్దమ్మ పట్టా కాగితం మడతపెట్టి జాకెట్లో పెట్టుకుంది.

"మూడుసార్లు పిలిచాడా?"

"మూడుసార్లు."

"గారు అన్నాడా?"

"అన్నాడు పెద్దమ్మా."

దారి మధ్యలో నిలబడిపోయింది. "ఇన్నేళ్ళు చూశానే ఎస్తేరూ. తీరా పిలిస్తే, నేనాడ లేకపోతిని" అని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని ముందుకు నడిచింది.

నేను మాత్రం అక్కడే ఆగి, ఆమెను ఇరవై అడుగులు పోనిచ్చాను. ఎదురుగా ఊరి ఆడవాళ్ళు చేల నుంచి వస్తున్నారు. పెద్దలను పేరు పెట్టి పిలవకూడదన్న బుద్ధులన్నీ ఆ పూటకు పక్కన పెట్టాను.

"సౌభాగ్యమ్మ గారూ!" అని అరిచాను.

ఆమె నడుస్తూనే ఉంది. ఊరి ఆడవాళ్ళు ఆగి చూశారు.

"సౌభాగ్యమ్మ గారూ!"

నడక నెమ్మదించింది గానీ తిరగలేదు. మూడోసారి ఇంకా గట్టిగా పిలిచాను.

"ఆఁ!" అని అప్పుడు పలికింది, ఇటు తిరిగి.

పరుగెత్తుకుంటూ వెళ్ళి, "వినపళ్ళేదా పెద్దమ్మా?" అన్నాను.

"మొదటిసారే ఇనపడిందే. ఊరికే ఇంకో రెండుసార్లు పిలిపించుకున్నా."